ఇంటెనక జాగల పిచ్చిమొక్కలు – తోట పెట్టాలంటే ముందు ఏం చేయాలె?

చెల్క_నేల (నల్లగొండ): టౌన్ బయట కాలనీ మాది. ఇంటెనక 200 గజాల జాగ ఉన్నది, ఇల్లు కట్టినప్పటి సంది ఎవ్వరం పట్టించుకోలే. ఈ వానలకు నడుము దాక లేచింది. ఎక్కువ వయ్యారిభామనే. గోడ పొంటి సర్కారు తుమ్మ, నడుమంతా తుంగ, గరిక. యాసంగికి కూరగాయలు పెట్టాలని మా ఇంట్లామె పట్టు. జేసీబీ ఆయన ఒక్క పూటల సాఫు చేస్తనంటున్నడు. గడ్డిమందు కొట్టుమని ఒకరు, ఉప్పునీళ్లు చల్లుమని ఇంకొకరు. చేసినోళ్లు చెప్పుండ్రి.

పాలమూరు_పోరడు: అన్నా, జేసీబీ మాట మర్చిపో. మన చెల్కల పైన జానెడు మన్నే సారం, దాని కింద మొరం. జేసీబీ ఆ జానెడు గీకి మూలకు కుప్ప పోసిపోతది. మా పక్క ప్లాటాయన చేయించిండు. తుంగ గడ్డలు ముక్కలై ప్లాటంతా పరుచుకున్నయి, ఇదివరకు లేని మూలల గూడ మొలిచింది. ఆ మూలన కుప్ప మీద సొరతీగ మాత్రం మస్తు కాసింది, అది వేరే ముచ్చట.

టీచరమ్మ_దేవరకొండ: ముందు వయ్యారిభామ సంగతి చూడు తమ్ముడూ. ఇంకా పూత రాని మొక్కల్ని వాన పడ్డ తెల్లారి పీకు, తడి మన్నుల వేరుతో సహా వస్తది. కొడవలితో కోస్తే మొదట్ల మళ్లీ చిగురిస్తది. పూసిన మొక్కకు ముందు సంచి తొడిగి, తర్వాత పీకాలె. ఒక్క మొక్కకే వేల గింజలు రాలుతయి. పూతకు రానిది ఎరువు గుంతల వేయొచ్చు, పూసింది వేస్తే మాత్రం గింజలన్నీ మళ్లీ తోటకే చేరుతయి.

ఉత్త చేతులతో ముట్టకు. నిండు చేతుల అంగీ, గ్లౌజులు, మూతికి రుమాలు ఉండాలె. కొందరికి చర్మం మీద దద్దుర్లు వస్తయి, ఆయాసం ఉన్నోళ్లకు దాని పుప్పొడి అస్సలు పడది. ఆకుల మీద పసుపు రంగు పెంకు, నల్ల గీతలున్న చిన్న పురుగులు కనపడితే చంపకు. ఆ పురుగును ఈ మొక్కను తినడానికే మెక్సికో నుంచి తెచ్చి, 1984ల బెంగళూరు దిక్కు వదిలిండ్రు.

కల్వకుర్తి_కాపు: ఉప్పునీళ్ల చిట్కా రోడ్ల పొంటి పనికొస్తది, తోట పెట్టే జాగల కాదు. వయ్యారిభామ ఎండుతది నిజమే, కానీ ఉప్పు మన్నులనే ఉంటది. అసలే మన దిక్కు బోరు నీళ్లు ఉప్పన, ఇంకింత పోసి చౌడు చేసుకుంటవా?

మందు సంగతి. గ్లైఫోసేట్‌ అనే గడ్డిమందును పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లే కొట్టాలని 2022 అక్టోబర్ల కేంద్రం నోటిఫై చేసింది. పారాక్వాట్ అనే ఇంకో గడ్డిమందు అయితే ఇంట్ల పెట్టనే పెట్టకు. అది కడుపులకు పోతే విరుగుడు లేదు. పిల్లలున్న ఇంట్ల కూల్ డ్రింక్ సీసాల పోసి గూట్ల పెట్టేటోళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతది.

చెల్క_నేల: సరే, మందు వద్దు. సర్కారు తుమ్మను నరికితే మళ్లీ పిలకలేస్తున్నది. తుంగ పీకితే వారానికే మళ్లీ లేస్తున్నది. వీటికేంది?

పాలమూరు_పోరడు: తుమ్మను నరకద్దు, తవ్వాలె. చుట్టూ మోకాలు లోతు తవ్వి, గడ్డపారతో మొదలును గడ్డతో సహా పెకిలించాలె. మన్ను కింద గడ్డ మిగిలితే పిలకలు ఖాయం. మందం అడుగున్న బూట్లు వేసుకో, దాని ముల్లు చెప్పుల నుంచి దిగుతది. రాళ్లు కదిపేటప్పుడు పైలం, తేళ్లుంటయి. గడ్డిల దిగే ముందు కట్టెతో చప్పుడు చేయి.

కల్వకుర్తి_కాపు: తుంగను పైన పీకితే లాభం లేదు. కింద గడ్డకు గడ్డ దారం కట్టినట్టు ఉంటయి, ఒకటి తెగితే మిగిలినవన్నీ మొలకలేస్తయి. ఎక్కువ గడ్డలు జానెడు లోపలనే ఉంటయి. కొంచెం కొంచెం జాగ పట్టి పారతో తిరగేసి, గడ్డల్ని చేతితో ఏరి బండ మీద ఎండల పోయి. వానాకాలం అయితే షెడ్డు కింద ఆరబెట్టు, తడి తగిలితే మళ్లీ లేస్తయి. ప్లాస్టిక్ షీటు పరిస్తే దాన్ని గూడ పొడుసుకొని వస్తది, పైసలు దండగ. దానికి పడనిది నీడ. ఏరినంక అలసందలు, గుమ్మడి లాంటివి దట్టంగ అల్లించు. మొత్తం పోదు గానీ బలం తగ్గుతది.

బతుకమ్మ_అక్క: అంతా పీకి బోడిగ చేయకుండ్రి! గోడ పక్కన బతుకమ్మల పేర్చే గునుగు పువ్వు ఉంటే వదిలిపెట్టు తమ్ముడూ, దసరాకు మార్కెట్ల కొనే పనుండదు. గంగవాయిలి కూర కనపడ్డా పీకి పారేయకు, పప్పుల వేసుకోండ్రి.

చెల్క_నేల: గునుగు ఉన్నదక్కా, గోడ మూలకు. ఖాళీ అయిన మన్నును యాసంగి దాక ఎట్ల ఉంచాలె?

టీచరమ్మ_దేవరకొండ: ఖాళీగ ఉంచితే వయ్యారిభామ మళ్లీ వస్తది. వెంటనే జనుము చల్లు, దట్టంగ లేచి కలుపును అణుస్తది. పూత మొదలుకాంగనే కోసి మన్నుల కలిపి, రెండు మూడు వారాలు మురగనియ్యి. దసరాకు కాదు, కార్తీకంల పుంటికూర, పాలకూర పెట్టుకోవచ్చు. మడుల నడుమ బాటల మీద పల్లి పొట్టు పరువు.

చెల్క_నేల: జనుము గింజలు దొరుకుతయా?

కల్వకుర్తి_కాపు: విత్తనాల దుకాణంల అడుగు. లేకుంటే జీలుగ తీస్కో, పని ఒకటే.