గుల్మార్గ్ హెలీ-స్కీయింగ్: మబ్బు పట్టి హెలికాప్టర్ లేవకుంటే పైసలెట్ల?

అన్నలూ, అక్కలూ, నల్లగొండ నుంచి నలుగురం కశ్మీర్ల గుల్మార్గ్ హెలీ-స్కీయింగ్‌కు (హెలికాప్టర్ల కొండ మీదికి పోయి, మంచు మీద స్కీలతో జారుకుంట దిగుడు) తయారైతున్నం. పొద్దుగాల గైడ్ చెప్పే జాగ్రత్తలు, బీకన్ (మంచు కింద పడ్డోళ్లను సిగ్నల్‌తో వెతికే యంత్రం) చెకింగ్, మంచు తవ్వే పార, ప్రోబ్ (మంచుల గుచ్చి వెతికే పొడుగు కడ్డీ) సంగతి తెలుసు. హెలికాప్టర్ దగ్గరికి పైలట్‌కు కనబడేటట్టు ముందు నుంచి వంగి పోవాలె, తోక దిక్కు అస్సలు పోవద్దు, స్కీలు భుజం మీద కాకుండ నడుము కాడ అడ్డంగ పట్టాలె. ఫోన్ దగ్గరుంటే బీకన్ సిగ్నల్ చెడుతది, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్ల దూరముంచాలె.

అడిగేది వేరే. గుల్మార్గే 2,650 మీటర్లు. 4,000 దాక లేచే ముందు ఒంటికి ఎత్తు అలవాటయ్యేటందుకు అక్కడ ఎన్ని రోజులు ఆగాలె? మెత్తటి మంచుకు 110 మిల్లీమీటర్ల వెడల్పు స్కీలు కిరాయికి దొరుకుతయా? (మన ఎండల్ల స్కీలు కొని ఏం జేస్తం!) బిల్లు ట్రిప్పుల లెక్కనా, దిగిన మీటర్ల లెక్కనా? మబ్బు పడితే వాపస్ ఇస్తరా, గోండోలా (రోప్‌వే) రెండో ఫేజ్‌తోనే సరిపెడ్తరా?