పసికందు కంట్లో చీము: పైకి తెలియజేయాలా?

ప్రశ్న: ప్రసూతి వార్డులో కొత్తగా చేరిన నర్సును. నాలుగు రోజుల పాపకు రెండు కళ్లూ వాచాయి. రెప్పలు విడదీస్తే చిక్కటి పసుపు చీము ఉబికి వస్తోంది. డాక్టరుగారు వెంటనే వైద్యం మొదలుపెట్టారు. దీన్ని ప్రజారోగ్య అధికారులకు తెలియజేయాలా? అలాగైతే ప్రతి పుసి కన్నుకూ రాస్తూ కూర్చోవాలా?

జవాబు: ప్రతి పుసి కన్నూ కలక కాదండి. తెల్లగుడ్డు తెల్లగానే ఉండి, నీరు కారుతూ, నిద్ర లేచేసరికి రెప్పలు అంటుకుంటుంటే చాలావరకు అది కన్నీటి నాళం ఇంకా తెరుచుకోకపోవడమే. మీరు చెప్పింది వేరు. నాలుగో రోజు, రెండు కళ్లు, అంత చీము అంటే ముందుగా అనుమానించాల్సింది గనేరియాను, అంటే సెగవ్యాధిని. అది ఎక్కువగా 2 నుంచి 5 రోజుల మధ్య బయటపడుతుంది. క్లమీడియా (ఇదీ సెగవ్యాధిలాగే లైంగికంగా సోకేది) అయితే 5 నుంచి 14 రోజుల మధ్య. రెండూ కాన్పులో తల్లి నుంచి బిడ్డ కంటికి చేరేవే. గనేరియాను వదిలేస్తే నల్లగుడ్డుకు చిల్లు పడి చూపే పోవచ్చు. మీ డాక్టరుగారు ఆగకపోవడం మంచిదైంది.

ఇక తెలియజేయడం దేశాన్ని బట్టి ఉంటుంది. ఇంగ్లండులో 1914 నుంచి 2010 దాకా పసిపిల్లల కంటి కలక పేరే తప్పనిసరి జాబితాలో ఉండేది, తర్వాత తీసేశారు. అమెరికాలో గనేరియా, క్లమీడియా రెండూ తెలియజేయాల్సినవే. మీ ఆసుపత్రిలో ఆ జాబితా ఉంటుంది, అడిగి చూడండి.

నా అనుభవంలో చిక్కంతా రాతలోనే. ఒకసారి ఒక రిజిస్టరులో "బిడ్డ కన్ను బాగాలేదు" అని ఒకే ముక్క చూశాను. దాంతో ఎవరు ఏం చేయగలరు? పుట్టిన ఎన్నో రోజున మొదలైంది, ఒక కన్నా రెండా, మందు వేయకముందే చీము నమూనా తీశారా, ఫలితం ఏమిటి, ఇవి రాయండి. నమూనా తీయకుండా మందు వేసేస్తే ఆ తర్వాత ఫలితం మీద నమ్మకం తగ్గుతుంది.

ప్రశ్న: నమూనా ముందే తీశామండి. కానీ తల్లి పేరు బయటికి పొక్కుతుందేమోనని భయంగా ఉంది.

జవాబు: ఆ వివరాలు గోప్యంగా ఉంచాల్సినవి, వార్డులో నలుగురి ముందు చెప్పకండి. ఆమెతో మాత్రం విడిగా మాట్లాడాలి. ఒంట్లో ఏ బాధా లేకుండానే ఈ క్రిములు ఉండవచ్చు, కాబట్టి ఆమెకు నిజంగానే తెలియకపోవచ్చు. "ఎలా వచ్చింది?" అని నిలదీయకండి. "బిడ్డతోపాటు మీకూ, మీ భర్తకూ పరీక్ష, వైద్యం అవసరం" అనండి. ఇంకొకటి, క్లమీడియా అని తేలితే కంటి చుక్కలు మాత్రమే చాలవు, ఊపిరితిత్తులకూ పాకవచ్చు. నోటి ద్వారా ఇచ్చే మందు గురించి డాక్టరుగారిని అడగండి.