‘ఎత్తబడుట’ గురించిన నమ్మకం కుటుంబాలపైన, సమాజంపైన ఎలాంటి ప్రభావం చూపుతోంది?

ప్రశ్న – పాలకొల్లు పాఠకుడు

2025 సెప్టెంబరు 23, 24 తేదీలలో సంఘం ఎత్తబడుతుందని, అంటే విశ్వాసులందరూ ఒక్కసారిగా ఆకాశానికి కొనిపోబడతారని, దక్షిణాఫ్రికాకు చెందిన ఒక వ్యక్తి చెప్పిన వీడియో ఫోన్లలో విపరీతంగా తిరిగింది. డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్న మా బంధువుల అబ్బాయి దానిని నమ్మి, పరీక్ష ఫీజు కట్టకుండా గడువు దాటనిచ్చాడు. ఆ తేదీలు గడిచిపోయాక కూడా “లెక్క తప్పింది గానీ రాకడ తప్పదు” అంటున్నాడు. నేనూ విశ్వాసినే, ప్రభువు రెండవ రాకడను కాదనను. అయితే ఇప్పుడు ప్రచారంలో ఉన్న రీతిలో ఈ బోధ అపొస్తలుల కాలం నుంచీ ఉన్నదేనా? దీనిని అక్షరాలా పట్టుకున్న చోట సమాజానికి ఏం జరిగింది? తెలిసినవారు వివరించగలరు.

సమాధానం – సంఘ చరిత్ర విద్యార్థి

వాక్యం పాతదే, దానికి కట్టిన కాలక్రమం మాత్రం కొత్తది. మృతులైన విశ్వాసులు ముందుగా లేస్తారనీ, ఆ మీదట సజీవులు వారితో కలిసి మేఘాల మీద కొనిపోబడి ప్రభువును ఎదురేగి కలుసుకుంటారనీ, అపొస్తలుడైన పౌలు థెస్సలొనీక సంఘానికి రాసిన మొదటి పత్రిక (లేఖ) 4వ అధ్యాయంలో ఉంది. దీనిని ప్రధాన సంఘాలేవీ తోసిపుచ్చవు. అయితే సంఘం ముందుగా ఎత్తబడుతుందనీ, లోకం ఘోర కష్టాలు పడే ఏడేండ్ల శ్రమకాలం తరవాతనే క్రీస్తు బహిరంగంగా దిగివస్తాడనీ చెప్పే రెండంచెల క్రమాన్ని 1830లలో వ్యాప్తిలోకి తెచ్చినవాడు ప్లిమత్ బ్రదరన్ అనే ప్రొటెస్టెంటు వర్గపు నాయకుడైన జాన్ నెల్సన్ డార్బీ. 1909లో అమెరికాలో అచ్చయిన స్కోఫీల్డ్ బైబిలు, వచనాల అడుగున వ్యాఖ్యలు చేర్చి, ఆ క్రమాన్ని సామాన్య పాఠకుల చేతికి అందించింది. కాథలిక్కులు, ఆర్థడాక్సులు, లూథరన్లు నేటికీ ఇలా బోధించరు.

మీది పాలకొల్లు కనుక ఒక మాట చెప్పాలి. 1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ అనే మిషనరీ వెంట మన దేశానికి వచ్చి గోదావరి డెల్టాలో స్థిరపడిన విలియం బౌడెన్, జార్జి బీర్ కుటుంబాలు కూడా ఈ బ్రదరన్ వర్గానికి చెందినవే. ప్రభువు త్వరలో వస్తాడని నిరీక్షించిన ఆ వర్గం వారే ఎండలో ఊరూరా తిరిగి, తెలుగు నేర్చుకుని, సంఘాలు కట్టారు. ఆ పరంపరలోనే తరవాత నర్సాపురంలో కుష్ఠురోగులకు ఆసుపత్రి కూడా వెలసింది. రాకడ దగ్గరపడిందన్న తలంపు వారిచేత మరింత పని చేయించిందే తప్ప, ఉన్న పని మానిపించలేదు.

సమాధానం – విలేకరి, హైదరాబాదు

మీ రెండో ప్రశ్నకు దక్షిణ కొరియాను చూడాలి. దామి మిషన్ అనే సంఘానికి చెందిన లీ జాంగ్ రిమ్ 1992 అక్టోబరు 28న విశ్వాసులు ఎత్తబడతారని ప్రకటించాడు. నమ్మినవారిలో కొందరు ఉద్యోగాలు వదిలారు, కొందరు ఇళ్లు అమ్మి డబ్బు సంఘానికి ఇచ్చారు, మరికొందరు చదువులు మానేశారు. విశ్వాసుల విరాళాలను మోసపూరితంగా తీసుకున్నాడని సెప్టెంబరులోనే అతడిని అరెస్టు చేశారు. తాను చెప్పిన తేదీ దాటాక గానీ గడువు తీరని బాండ్లను అతడు కొని పెట్టుకున్నట్టు అప్పుడే బయటపడింది! గురువుగారి పొదుపు ప్రణాళిక ప్రకటనలో లేదు, పెట్టెలో ఉంది. ఆ రాత్రి సియోల్‌లోని ప్రార్థనా మందిరం చుట్టూ పోలీసులు, అగ్నిమాపక సిబ్బంది, టీవీ కెమెరాలు మోహరించగా, లోపల తెల్లని బట్టలు ధరించినవారు పాటలు పాడుతూ అర్ధరాత్రి కోసం కాచుకున్నారు. అర్ధరాత్రి దాటింది, ఎవరూ ఎక్కడికీ పోలేదు. కొందరు ఏడ్చారు, కొందరు పాస్టర్ల మీద తిరగబడ్డారు. లీకి జైలుశిక్ష పడింది. ఆ శిక్షతో అమ్ముకున్న ఇళ్లు తిరిగి రావు కదా.

అమెరికాలో హెరాల్డ్ క్యాంపింగ్ అనే రేడియో బోధకుడు, విశ్వాసులు ఎత్తబడేది 2011 మే 21న అని చెప్పి, అది తప్పాక అక్టోబరు 21 అన్నాడు. మరుసటి ఏడాది, అలా తేదీ చెప్పడం పాపమేనని ఒప్పుకున్నాడు. ప్రచారానికి తమ పొదుపంతా ధారపోసిన అనుచరులకు ఆ ఒప్పుకోలు వల్ల ఒరిగింది శూన్యం.

సమాధానం – సండే స్కూల్ ఉపాధ్యాయిని

విలేకరి గారు చెప్పినవి నిజమే గానీ, తేదీ పెట్టినప్పుడే నష్టం జరుగుతుందనుకుంటే పొరపాటు. బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో అమ్మ కనబడకపోతే “అమ్మ ఎత్తబడింది, నేనొక్కదాన్నే విడువబడ్డాను” అనుకుని గుమ్మంలో కూర్చుని ఏడ్చిన పిల్లలు నా తరగతిలో ఉన్నారు. ఆ తల్లి పక్కింటికి పిండి మర పట్టించడానికి వెళ్లింది, అంతే. ఆ భయాన్ని మేమే నేర్పుతున్నాం. మరోవైపు, సెంటు భూమి లేక, ఊరి చివర బతికే మా సంఘస్థులకు ఈ లోకపు ఏర్పాటు శాశ్వతం కాదన్న మాట ఇచ్చే ధైర్యాన్ని తక్కువగా చూడలేను. అందుచేత ఈ బోధను మొత్తంగా కొట్టివేయమనే వారితో నేను ఏకీభవించను.

పౌలు ఎత్తబడుట గురించిన ఆ మాటలు రాసింది చనిపోయిన ఆత్మీయుల కోసం దుఃఖిస్తున్నవారికి. ఆ 4వ అధ్యాయంలో 17వ వచనంతో ఆపి భయపెట్టేవారు, ఆ మాటలతో ఒకరినొకరు ఆదరించుకొమ్మనే 18వ వచనాన్ని ఎందుకు వదిలేస్తారో తెలియదు. అదే సంఘానికి రాసిన రెండవ పత్రికలో, ప్రభువు దినం వచ్చేసిందన్న మాటలకు కలవరపడవద్దనీ, పని చేయనొల్లనివాడు భోజనం చేయకూడదనీ ఉంది. ఆ అబ్బాయితో వాదానికి దిగకుండా, ఆ రెండు పత్రికలనూ మొదటి నుంచి చివరి వరకు అతనితో కలిసి ఒకే విడతలో చదవండి. రెండూ కలిపి ఎనిమిది అధ్యాయాలే.