ఐస్‌క్రీమ్ బౌల్, సోడా మిషన్, గోలా మిషన్: ఏది కొనాలి, ఏది దండగ?

నల్లకుంట_నిమ్మసోడా అడిగింది:

ఎండలు 40 దాటాయి, పిల్లలకు సెలవులు వచ్చేశాయి. ఫ్రీజర్‌లో పెట్టే బౌల్ ఉన్న ఐస్‌క్రీమ్ మేకర్ ఇంట్లో ఉంది. బంగినపల్లి మామిడితో చేస్తే అరగంట తిప్పినా జారుగానే ఉంటోంది. దాన్ని తీసి ఫ్రీజర్‌లో పెడితే గట్టిపడుతోంది గానీ నోట్లో మంచు పలుకులు తగులుతున్నాయి. కొలత: అర లీటరు పాలు, రెండు పెద్ద మామిడిపళ్ళు, చెంచాడు తేనె. పంచదార వద్దనుకున్నాం.

ఇంకో రెండు కొందామని ఉంది: సోడా మిషన్, చేత్తో తిప్పి మంచు తురిమే గోలా మిషన్. పిండితే లోపలి జ్యూస్ మంచుగా మారే సిలికాన్ స్లష్ కప్పులు కూడా కనిపిస్తున్నాయి. వాడినవాళ్ళు కొలతలతో చెప్తే మేలు.

తార్నాక_తీపి:

ముందు బౌల్ సంగతి. ఆ మిషన్ సొంతంగా దేన్నీ చల్లబరచదండీ, మోటారు తిప్పుతుంది, అంతే. చల్లదనమంతా బౌల్ రెండు గోడల మధ్య ఉండే ద్రవానిది. అది పూర్తిగా గడ్డకట్టాలంటే మైనస్ 18 డిగ్రీల్లో 16 నుంచి 24 గంటలు ఉండాలి. బయటికి తీసి చెవి దగ్గర ఊపి చూడండి. లోపల కొంచెం గలగలమన్నా ఇంకా కాలేదన్నట్టే, మళ్ళీ పెట్టేయండి. పెట్టేముందు లోపలి తడి తుడవాలి, లేకపోతే గోడకు మంచుపొర కట్టి తెడ్డు ఇరుక్కుంటుంది. బౌల్‌ని వెనక గోడకు ఆనించి నిలువుగా పెట్టండి, తలుపు వైపు వద్దు.

రెండోది మిశ్రమం వేడి. ఈ రోజుల్లో వంటింట్లో ఏది పెట్టినా 30 పైనే ఉంటుంది. 800 గ్రాముల మిశ్రమాన్ని 30 నుంచి 4 డిగ్రీలకు దించడానికే, దాదాపు 200 గ్రాముల నీటిని గడ్డకట్టించేంత చల్లదనం ఖర్చయిపోతుంది. ఆ పని బౌల్‌తో చేయించొద్దు, ముందురాత్రే ఫ్రిజ్‌తో చేయించండి.

మూడోది, మీ అసలు ఇబ్బంది: కొలత. పంచదార తీపి కోసమే కాదు, నీళ్ళన్నీ ఒక్కసారిగా గడ్డకట్టకుండా ఆపేదీ అదే. మీ కొలతలో తీపి తక్కువ, కొవ్వు తక్కువ, నీళ్ళు ఎక్కువ. పలుకులు రాక ఏం చేస్తాయి! ఒకటిన్నర లీటరు బౌల్‌కి ఇలా పెట్టుకోండి:

ఫుల్ క్రీమ్ పాలు 250 మి.లీ., 25 శాతం కొవ్వున్న ఫ్రెష్ క్రీమ్ 200 మి.లీ. ప్యాకెట్ ఒకటి, పాలపొడి 30 గ్రాములు, పంచదార 85 గ్రాములు, మామిడి గుజ్జు 250 గ్రాములు, చిటికెడు ఉప్పు.

పాలు, పాలపొడి, పంచదార, ఉప్పు కలిపి ఒక పొంగు రానిచ్చి, చల్లార్చి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. క్రీమ్, గుజ్జు పొద్దున చల్లగా ఉన్నప్పుడే కలపాలి. పుల్లటి కాయ గుజ్జు వేడి పాలలో పడితే విరిగిపోతాయి. గుజ్జులో పీచుంటే జల్లెడ పట్టండి, తెడ్డుకి చుట్టుకుంటుంది.

తెడ్డు తిరగడం మొదలయ్యాకే పోయాలి. ముందే పోస్తే గోడ దగ్గరి పొర క్షణాల్లో గడ్డకట్టి మోటారు ఆగిపోతుంది. 20, 25 నిమిషాలకు మెత్తటి సాఫ్టీలా వస్తుంది. అంతకంటే గట్టిగా ఈ మిషన్‌లో రాదు. 30 నిమిషాలు దాటాక తిప్పితే బౌల్ వేడెక్కి ఉన్నది కరగడమే తప్ప లాభం లేదు. ముందే ఫ్రీజర్‌లో పెట్టిన వెడల్పు డబ్బాలోకి తీసి, పైన కవర్ అంటించి, నాలుగు గంటలు వదిలేయండి.

మలక్‌పేట_బుడగలు:

సోడా మిషన్ కొనండి, రోజూ వాడకంలో ఉండేది అదొక్కటే. నేర్చుకోవాల్సింది కూడా తక్కువే.

నీళ్ళు ఫ్రిజ్‌లోవి, బాగా చల్లగా ఉండాలి. 4 డిగ్రీల నీళ్ళు పట్టుకునే గ్యాస్, 30 డిగ్రీల నీళ్ళు పట్టుకునేదానికి రెండింతల పైనే. కుళాయి నీళ్ళతో చేసి "ఘాటు లేదు" అని ఇంకో నాలుగు నొక్కులు నొక్కితే గ్యాస్ బయటికే పోతుంది. బోరు నీళ్ళు వద్దు, ఆ చవుడు రుచి సోడాలో ఇంకా పైకి తేలుతుంది.

మిషన్ కింద ఉత్త నీళ్ళే పెట్టాలి. నిమ్మరసమో సిరప్పో ముందే కలిపి గ్యాస్ ఎక్కిస్తే నురగ పొంగి నాజిల్‌లోకి పోతుంది, జిగురు పడితే వాల్వ్ బిగుసుకుపోతుంది. సీసా గీత దాటి నింపొద్దు. ఆ ప్లాస్టిక్ సీసాని వేడినీళ్ళతో కడగొద్దు, ఫ్రీజర్‌లో పెట్టొద్దు. దాని మీద గడువు తేదీ ఉంటుంది, అది దాటితే మార్చాల్సిందే.

గ్లాసులో కలిపే వరస కూడా ముఖ్యమే. 30 మి.లీ. నన్నారి సిరప్, అర చెక్క నిమ్మరసం, చిటికెడు నల్లుప్పు ముందు అడుగున వేసి కరిగేదాకా కలపండి. తర్వాత గ్లాసు వంచి, అంచు మీదుగా 200 మి.లీ. సోడా పోయండి. ఉప్పు ఆఖర్న చల్లితే బుస్సుమని పొంగుతుంది, ప్రతి ఉప్పు పలుకు చుట్టూ బుడగలు కట్టి గ్యాసంతా లేచిపోతుంది. బండి మీద ఆ పొంగు చూడ్డానికి బాగుంటుంది, తాగేవాడికి మిగిలేది చప్పటి నీళ్ళు.

పెద్ద సిలిండర్ మీద 60 లీటర్లని రాసుంటుంది. ఘాటు సోడా తాగేవాళ్ళకు అన్ని రావు. ఎంత మిగిలిందో తెలియాలంటే కొన్న రోజే సిలిండర్ తూచి బరువు రాసిపెట్టుకోండి. 8 గ్రాముల చిన్న గుళికలతో పనిచేసే సైఫన్ సీసా కొంటే గుళిక మీద కార్బన్ డయాక్సైడ్ అని రాసుందో లేదో చదవండి. క్రీమ్ నురగకు వాడే నైట్రస్ ఆక్సైడ్ గ్యాస్ గుళికలూ అదే సైజులో ఉంటాయి. అవి ఎక్కిస్తే సోడా ఘాటు రాదు.

గోలా_పాతబస్తీ:

గోలా మిషన్ ముచ్చట నేను చెప్త. ఫ్రీజర్‌లకెల్లి తీసిన మంచుగడ్డను తీసినట్టే మిషన్ల వెట్టకుర్రి. మరీ చల్లగున్న గడ్డ బ్లేడు తగలంగనే పెళ్ళలు పెళ్ళలుగా పగుల్తది. ఐదు నిమిషాలు బయట వెట్టుర్రి. పైన తెల్లగున్న పొర పోయి అద్దం లెక్క మెరిస్తే అప్పుడు తిప్పుర్రి, దూది లెక్క వస్తది. నీళ్ళు కారేదాక ఆగితే మాత్రం ముద్దయితది.

సిరప్ పల్చగుంటే మంచును కరగవెట్టి గిన్నె అడుగుకు పోతది. అర కిలో చక్కెరకు పావు లీటర్ నీళ్ళు, రెండు చిటికెల నిమ్మ ఉప్పు. చక్కెర కరిగి రెండు పొంగులు రాంగనే దించుర్రి. నిమ్మ ఉప్పు ఏస్తే చక్కెర మళ్ళ పలుకు కట్టదు. సిరప్‌ను కూడ ఫ్రిజ్‌ల వెట్టినంకనే పొయ్యాలె. ఇప్పుడైతే ఉడకవెట్టిన పచ్చి మామిడి గుజ్జు, నల్లుప్పు, వేంచిన జీలకర్ర పొడి కలుపుకోర్రి. కాలా ఖట్టాకు నేరేడు కావాలె, వానలు వడ్డంక జూద్దాం.

బ్లేడు కడిగినంక తుడిచి ఇంత నూనె రాయుర్రి. ప్లాస్టిక్ పండ్ల చక్రం (గేరు) ఉన్నవి కొనకుర్రి, పండ్లు ఇరుగుతయి.

తార్నాక_తీపి:

స్లష్ కప్పు గురించి ఎవరూ చెప్పలేదు. అది పనిచేస్తుంది, నూరు మి.లీ.కి 10 నుంచి 15 గ్రాముల తీపి ఉన్న వాటికి మాత్రమే. చెరకు రసం, మామూలు కూల్‌డ్రింకు బాగా వస్తాయి. డైట్ డ్రింకు, మజ్జిగ పోస్తే గోడకు గడ్డ, మధ్యలో నీళ్ళు. పుల్లైసుకీ ఇదే లెక్క. అర కిలో పుచ్చకాయ రసానికి 50 గ్రాముల పంచదార, ఒక నిమ్మకాయ వేయండి. అచ్చు నిండా పోయొద్దు, గడ్డకడితే ఉబ్బుతుంది, వేలి మందం వదలండి.

సీతాఫలం_సీజన్:

ఒక్క మాటకు అభ్యంతరం. "మిషన్‌లో అంతకంటే గట్టిగా రాదు" అన్నది బౌల్ రకానికే. మంచు, ఉప్పు పోసి తిప్పే బకెట్ మిషన్‌లో వస్తుంది. బరువులో మూడు పాళ్ళ మంచుకు ఒక పాలు దొడ్డుప్పు వేస్తే మైనస్ 15 దాకా దిగుతుంది, పైగా కరిగేకొద్దీ మళ్ళీ వేసుకోవచ్చు. కరెంటు పోయినా ఫ్రీజర్‌తో పని లేదు. ఉప్పు నీళ్ళు లోపలి ఐస్‌క్రీమ్ డబ్బా మూత ఎత్తు దాకా రాకుండా బకెట్ పక్క రంధ్రం తెరిచి ఉంచాలి, ఒక్క చుక్క లోపల పడినా మొత్తం పోయినట్టే. హైదరాబాద్ మొజంజాహీ మార్కెట్ సీతాఫలం ఐస్‌క్రీమ్ రుచి ఇంట్లో రావాలనుకునేవాళ్ళకు నా ఓటు దీనికే. సీతాఫలం గుజ్జును వేడి చెయ్యొద్దు, చేదెక్కుతుంది. మిక్సీలో వెయ్యొద్దు, గింజ నలిగితే పాడవుతుంది. తిప్పడం అయిపోవస్తుండగా చేత్తో కలపండి.

నల్లకుంట_నిమ్మసోడా:

అందరికీ థ్యాంక్స్. మాది సింగిల్ డోర్ ఫ్రిజ్. బౌల్ 24 గంటలు పెట్టినా ఊపితే గలగలమంటోంది.

తార్నాక_తీపి:

అయితే మీ కొలత మార్చినా ఆ బౌల్ పనికిరాదు. సింగిల్ డోర్ ఫ్రీజర్ చాలావాటిలో మైనస్ 18 దాకా దిగదు, మంచు పేరుకుంటే చల్లదనం ఇంకా తగ్గుతుంది. ఒకసారి మంచంతా కరిగించి, నాబ్ ఆఖరి అంకెకు తిప్పి, చిన్న ఫ్రీజర్ థర్మామీటర్ ఒక రాత్రి లోపల ఉంచి చూడండి. మైనస్ 15 కూడా చూపించకపోతే పైన చెప్పిన బకెట్ కొనండి. సోడా, గోలా మిషన్లకు మీ ఫ్రిజ్ చాలు.