మా కూటమి పనిని దేనితో కొలవాలి?

మా మండలంలో డ్వాక్రా మహిళలు, ఆశా కార్యకర్తలు, ఇద్దరు ఉపాధ్యాయులు కలిసి క్యాన్సర్ నివారణకు కూటమి కట్టి రెండేళ్లయింది. ఏం సాధించారంటే చూపడానికి హాజరు పట్టీలు, ఫొటోలే ఉన్నాయి. (టీ, బిస్కెట్ల లెక్క మాత్రం పైసాతో సహా ఉంది!)

30 ఏళ్లు దాటినవారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలు ప్రభుత్వ కార్యక్రమంలో ఎలాగూ ఉన్నాయి. మరి పరీక్షకు వచ్చేవారు పెరిగితే అది మా కూటమి వల్లేనని ఎలా తేల్చాలి? పక్క మండలంతో పోల్చాలా? సభ్యులను అడిగితే మొహమాటానికి అంతా బాగుందంటారు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మరొకటి. అనుమానంతో పెద్దాసుపత్రికి పంపినవారిలో ఎందరు నిజంగా వెళ్లారో మా దగ్గర రాతపూర్వకంగా ఏమీ లేదు. ఇలాంటి మదింపు చేసినవారెవరైనా ఉంటే, మొదటి నుంచీ ఏయే వివరాలు నమోదు చేశారో చెప్పగలరా?