ఫైనల్ ఫాంటసీ 6 మొదటిసారి ఆడేవాళ్లు గైడ్ చూడాలా, వద్దా? బూస్ట్‌ల సంగతేంటి?

కొత్తపార్టీ:
ఫైనల్ ఫాంటసీ 6 అనే పాత రోల్ ప్లేయింగ్ వీడియో గేమ్‌ను పిక్సెల్ రీమాస్టర్‌లో, అంటే దాని కొత్త వెర్షన్‌లో, మొదలుపెట్టాను. నార్షే గనుల్లోంచి బయటపడి ఎడ్గర్ కోట దాకా వచ్చాను, అంతే. కథ ఎటు పోతుందో నాకు ఏమాత్రం తెలియదు. ఇంతలోనే తెలిసినవాళ్ల నుంచి రెండు రకాల సలహాలు. గైడ్ లేకుండా ఆడితే మధ్యలో ఒక క్యారెక్టర్‌ను శాశ్వతంగా పోగొట్టుకుంటావు, మళ్లీ తెచ్చుకోవడానికి ఉండదు అని ఒకరు. బూస్ట్‌లు వాడుకో, ఎన్‌కౌంటర్లు (నడుస్తుంటే హఠాత్తుగా వచ్చిపడే యుద్ధాలు) ఆఫ్ చేసి, ఎక్స్‌పీరియన్స్ (యుద్ధం గెలిస్తే వచ్చి లెవెల్ పెంచే పాయింట్లు) నాలుగింతలు పెట్టుకుని కథ మాత్రం చూసెయ్, 1994 నాటి గ్రైండింగ్ (లెవెల్ కోసం మళ్లీ మళ్లీ యుద్ధాలు చేయడం) ఈ రోజుల్లో ఎవరు భరిస్తారు అని ఇంకొకరు. మొదటిసారి ఎలా ఆడితే బాగుంటుంది? కథలో ముందు జరిగేవి రాసేటట్లయితే దయచేసి హెచ్చరించి రాయండి.

ఫాల్కన్_రెక్క:
గైడ్ వద్దు. గట్టిగానే చెబుతున్నాను.

ఈ ఆట భయపడాల్సినంత కష్టమైంది కాదు. సూపర్ నింటెండో అనే పాత గేమ్ మెషిన్ మీద ఉన్నప్పుడే, ఓడిపోతే చివరి సేవ్ దగ్గరికి పంపేది గానీ అప్పటిదాకా సంపాదించిన ఎక్స్‌పీరియన్స్‌ను లాక్కునేది కాదు, అంటే ఓడినా కాస్త బలపడే లేస్తారు. మొదటి సగంలో దారి తప్పిపోయే అవకాశమూ తక్కువే. మరి గైడ్ దేనికి? గైడ్ చూస్తే ఆట తేలికైపోతుందని కాదు నా బాధ. ఏ ఊళ్లో ఎవరి దగ్గర ఏం దొరుకుతుందో ముందే తెలిస్తే ఇక ఆ ఊళ్లో తిరగాలని అనిపించదు, మనుషులతో మాట్లాడరు, లిస్టులో ఉన్న పెట్టెలు తెరిచేసి వెళ్లిపోతారు.

కథ చెప్పకుండా ఒక్క ఉదాహరణ ఇస్తాను. జోజో అనే ఊరు వస్తుంది. ఎప్పుడూ వానే. ఆ ఊళ్లో దాదాపు అందరూ అబద్ధాలకోర్లు. ఒక గదిలో ఆగిపోయిన గడియారం ఉంటుంది, దాని టైమ్ సరిచేయాలి. వీధుల్లో ఒక్కొక్కడూ ఒక్కో టైమ్ చెబుతాడు, అన్నీ అబద్ధాలే, కాబట్టి వాళ్లు చెప్పినవన్నీ కొట్టేసుకుంటూ పోతే మిగిలిందే అసలు టైమ్. సెకన్లు 20తో భాగించబడతాయి అంటాడొకడు. అంటే 20, 40 రెండూ పోయాయి. ఇలా కాగితం మీద రాసుకుంటూ, మేడలు ఎక్కుతూ దిగుతూ, ఎవరి మాట దేన్ని కొట్టేసిందో చూసుకుంటూ ఆ ఊరంతా తిరుగుతాం. టైమ్ సరిగ్గా పెట్టగానే దాచిన దారి తెరుచుకుంటుంది, ఎడ్గర్‌కు చైన్‌సా దొరుకుతుంది. గైడ్‌లో ఇదంతా ఒకే ఒక్క లైను, ఫలానా టైమ్ పెట్టండి అని. చైన్‌సా ఇద్దరికీ దొరుకుతుంది, ఆ ఊరు మాత్రం ఒకడికే గుర్తుంటుంది.

రాత్రి_పదకొండు:
ఫాల్కన్_రెక్క గారూ, ఇవన్నీ తీరిక ఉన్నవాళ్లకు బాగుంటాయి. పని ముగించుకుని అందరూ పడుకున్నాక దొరికే కాసేపట్లో ఆడే నాలాంటివాళ్లు చాలామంది ఉన్నారు. ఒక వారం ఆట తెరవడం కుదరదు. మళ్లీ తెరిస్తే ఎక్కడున్నానో, ఎక్కడికి వెళ్తున్నానో గుర్తుండదు, నాలుగు అడుగులు వేస్తే ఒక ఎన్‌కౌంటర్, అది ముగిసి ఇంకో నాలుగు అడుగులు వేస్తే ఇంకొకటి. అలాంటప్పుడు గైడ్ తెరవకపోతే ఆట అక్కడే ఆగిపోతుంది. సగంలో వదిలేసిన గొప్ప ఆట కన్నా గైడ్ చూసి పూర్తి చేసిన గొప్ప ఆట మేలు కాదా?

పైగా గైడ్ చూడటం ఏదో మోసం అన్నట్టు మాట్లాడితే నాకు నచ్చదు. 1995లో అమెరికాలో ఎర్త్‌బౌండ్ అనే ఆటను పెద్ద పెట్టెలో పెట్టి, అందులోనే ప్లేయర్స్ గైడ్ పుస్తకం కూడా పెట్టి అమ్మింది సాక్షాత్తూ నింటెండోనే. సెగా వాళ్లు ఫాంటసీ స్టార్ 2తో పాటు హింట్ పుస్తకం ఇచ్చారు. అమ్మినవాళ్లే చేతిలో పెట్టిన దాన్ని ఇప్పుడు మనం వద్దనడం ఏంటి? పాత రోజుల్లో అందరూ ఒంటరిగా, ఏమీ చూడకుండా ఆడేసేవాళ్లన్నది తర్వాత అల్లుకున్న కథ. పత్రికలు చూసేవాళ్లు, స్నేహితుల్ని అడిగేవాళ్లు.

ఫాల్కన్_రెక్క:
మోసం అని నేను అనలేదండీ. ఆట మీది, ఎలాగైనా ఆడుకోవచ్చు. మొదటిసారి ఎలా ఆడితే బాగుంటుంది అని అడిగారు కాబట్టి దానికే జవాబు చెప్పాను.

ఫాంటసీ స్టార్ 2 డంజన్లు (రాక్షసులు తిరిగే చిక్కుదారుల చోట్లు) చూసినవాళ్లెవరూ ఆ హింట్ పుస్తకాన్ని తప్పుపట్టరు. ఒక టెలిపోర్టర్ ఎక్కితే ఇంకో అంతస్తు, అక్కడ ఇంకో నాలుగు టెలిపోర్టర్లు, ఏది ఎటు పోతుందో మ్యాప్ గీసుకోకపోతే దిక్కులేదు. ఆ ఆటకు ఆ పుస్తకం కావాలి. ఫైనల్ ఫాంటసీ 6 డంజన్లు అలా ఉండవు, చాలావాటిలో అటూ ఇటూ రెండు మలుపులు తిరిగితే బాస్ ఎదురవుతాడు.

పత్రిక చూడటం, స్నేహితుణ్ని అడగటం వేరు. ఇరుక్కుపోయిన ఒక్క చోటు గురించి అడుగుతారు, అతను చెబుతాడు, మళ్లీ ఆటలోకి వెళ్తారు. ఇప్పటి వాక్‌త్రూ పేజీ అలా కాదు. మీరు అడిగిన లైను పక్కనే అడగని నాలుగు లైన్లు కనబడతాయి, పైన బాస్ పేరు, కింద ఎవరు చనిపోతారో. కళ్లు మూసుకుని చదవలేం కదా.

లెక్కల_పిచ్చి:
గైడ్ సంగతి మీరిద్దరూ తేల్చుకోండి, నేను బూస్ట్‌ల గురించే చెబుతాను, ఎందుకంటే ఇందులో చాలామందికి తెలియని నష్టం ఒకటుంది.

2023లో కన్సోళ్ల మీదికి వచ్చినప్పుడు పిక్సెల్ రీమాస్టర్‌లో ఎక్స్‌పీరియన్స్ సున్నా నుంచి నాలుగింతల దాకా మార్చుకునే వీలు, రాండమ్ ఎన్‌కౌంటర్లు పూర్తిగా ఆపేసే వీలు చేర్చారు. ఫైనల్ ఫాంటసీ 6లో లెవెల్ పెరిగితే హెచ్‌పీ (ప్రాణశక్తి), ఎంపీ (మ్యాజిక్‌కు ఖర్చయ్యే పాయింట్లు) పెరుగుతాయి, లెవెల్ అంకె దెబ్బ లెక్కలోకి వస్తుంది. అంతే. బలం, వేగం, మ్యాజిక్ పవర్ లాంటివి వాటంతట అవి కదలవు. ఎస్పర్ అనే మాయాజీవి శక్తిని తగిలించుకుని ఉండగా లెవెల్ పెరిగితేనే ఆ ఎస్పర్ ఇచ్చే బోనస్ శాశ్వతంగా చేరుతుంది. ఎస్పర్లు చేతికొచ్చేది జోజోలో. 99 దాటి లెవెల్ పెరగదు కాబట్టి, జోజోకు ముందే నాలుగింతలు పెట్టుకుని గబగబా ఎక్కేసిన లెవెల్స్‌కు బోనస్ ఇక ఎప్పటికీ రాదు. ఆట పూర్తిచేయడానికి ఇది అడ్డం కాదు, నిజమే, కానీ బలం కోసమే బూస్ట్ పెట్టేవాళ్లు తెలుసుకోవాలి.

ఎన్‌కౌంటర్లు ఆపేయడం ఇంకా దారుణం. గావ్ అనే పిల్లవాడు పార్టీలోకి వస్తాడు, వాడి నైపుణ్యమంతా వెల్ట్ అనే మైదానంలో ఉంటుంది. వెల్ట్‌లో కనబడే రాక్షసులు మీరు వేరే చోట్ల ఇంతకుముందు ఎదుర్కొన్నవే. ఎవరినీ ఎదుర్కోకుండా నడిచేస్తే అక్కడ గావ్ నేర్చుకునేది ఏముంటుంది? స్ట్రాగో అనే ఇంకో పాత్ర సంగతీ అంతే. శత్రువు ఒక లోర్ (శత్రువుల ప్రత్యేక మ్యాజిక్) వాడగా చూస్తేనే అతనికి అది వస్తుంది. అంటే ఎన్‌కౌంటర్ ఆఫ్ చేసినప్పుడు యుద్ధాలతో పాటు ఇద్దరు మనుషుల ఎదుగుదల కూడా ఆగిపోతుంది.

కార్ట్రిడ్జ్_మనిషి:
అందుకే ఒరిజినల్ ఆడండి అంటాను. బూస్ట్ లేదు, ఆటో సేవ్ లేదు, సేవ్ పాయింట్ దగ్గరో వరల్డ్ మ్యాప్ మీదో సేవ్ చేసుకోవాలి, కాబట్టి ప్రతి అడుగూ ఆలోచించి వేస్తారు. తయారుచేసినవాళ్లు మన చేతికిచ్చిన ఆట అదే.

లెక్కల_పిచ్చి:
ఒరిజినల్ నాకూ ఇష్టమే, కానీ తయారుచేసినవాళ్లు అనుకున్న ఆట అదే అనడానికి లేదు. సూపర్ నింటెండో వెర్షన్‌లో మామూలు దెబ్బలు తప్పించుకోవడానికి ఉన్న ఎవేడ్ అనే స్టాట్ అసలు పనిచేయదు, దానికి కూడా మ్యాజిక్ దెబ్బలు తప్పించుకునే మ్యాజిక్ బ్లాక్ అంకెనే చూస్తుంది. అంటే ఆటగాళ్లు ఎవేడ్ పెంచే వస్తువులు వెతికి వెతికి తగిలించుకున్నదంతా దండగ. వ్యానిష్ (మాయం చేసే మంత్రం) వేసి ఆపైన డూమ్ (చంపే మంత్రం) వేస్తే బాస్‌లు కూడా పోతారు. మొదట అమెరికాలో వచ్చిన కార్ట్రిడ్జ్‌లో అయితే రెల్మ్ అనే పాత్ర తన స్కెచ్ నైపుణ్యం వాడితే ఒక్కోసారి సేవ్ డేటానే పాడైపోతుంది. మొదటిసారి ఆడే మనిషికి నేను అది ఇవ్వను.

ఫాల్కన్_రెక్క:
ఇక్కడ లెక్కల_పిచ్చి గారితోనే ఉన్నాను. రీమాస్టర్ ఆడండి, ఎక్స్‌పీరియన్స్ మామూలుగా ఉంచండి, ఒక డంజన్‌లో దారి వెతికి వెతికి విసుగొస్తే కాసేపు ఎన్‌కౌంటర్లు ఆపుకోండి, దాంతో కొంపలేం మునగవు. ఆటో బాటిల్ (యుద్ధాన్ని ఆటే నడిపే వీలు) కూడా వాడుకోండి. నేను పట్టుబట్టేది గైడ్ దగ్గరే.

రాత్రి_పదకొండు:
సరే, అయితే అసలు విషయానికి వద్దాం. *ఇక్కడి నుంచి స్పాయిలర్లు. కొత్తపార్టీ గారూ, ఆట పూర్తయ్యేదాకా మీరు కిందికి రావద్దు, చివరి రెండు మూడు పోస్టులు మాత్రం చదవండి.*

ఆట మధ్యలో వచ్చే తేలే ఖండం అనే చోటు. లోకం కూలిపోతోంది, 6 నిమిషాల టైమర్ పెట్టారు, పరుగెత్తమన్నారు. ఎవరైనా ఏం చేస్తారు? పరుగెత్తి, అంచుకు చేరగానే దూకేస్తారు. అలా దూకితే షాడో అనే తోటి పాత్ర శాశ్వతంగా పోతాడు. తొందరపెట్టిందీ ఆటే, తొందరపడినందుకు శిక్ష వేసిందీ ఆటే. పోయాడని కూడా ఎక్కడో గంటల తర్వాత తెలుస్తుంది. ఇది గైడ్ లేకుండా ఎలా తెలుసుకోవాలి? ఇలాంటి అన్యాయం ఉన్న ఆటను ఏమీ చూడకుండా ఆడమనడం నాకు మొండితనంలా అనిపిస్తోంది.

ఫాల్కన్_రెక్క:
ఈ ఉదాహరణ కోసమే చూస్తున్నాను, ఎందుకంటే ఆట ఎంత బాగా అడుగుతుందో దీన్ని చూస్తేనే తెలుస్తుంది.

అంచుకు చేరగానే ఆట ఆగి అడుగుతుంది, దూకుదామా, ఆగుదామా అని. అసలు ఆ ప్రశ్న ఎందుకు? అంత టెన్షన్‌లో ఆగుదాం అనే మాట అక్కడ ఎందుకుంది? ఆగుదాం అంటే మళ్లీ అడుగుతుంది, ఈసారి షాడో కోసం ఆగాలి అని పేరు పెట్టి మరీ చూపిస్తుంది. అంతకు కొద్దిసేపటి ముందే ఆ మనిషి విగ్రహాల మధ్య విలన్ కెఫ్కాను నొక్కిపట్టి మిమ్మల్ని వెళ్లిపొమ్మన్నాడు. డబ్బిస్తే వచ్చి, ఎప్పుడు పడితే అప్పుడు చెప్పాపెట్టకుండా పోయే మనిషి, మొదటిసారి మీకోసం వెనక ఉండిపోయాడు. అతని కోసం ఆగుతారా లేదా అన్నది మిమ్మల్నే అడుగుతున్నారు. టైమర్ చివరి 5 సెకన్లలోకి వచ్చేదాకా అతను రాడు. వస్తాడో రాడో తెలియకుండా, ఆట పోతుందేమో అనుకుంటూ అక్కడ నిలబడ్డవాడికే ఆ సెకన్ల విలువ తెలుస్తుంది. చివరి 5 సెకన్లలో వస్తాడు, ఆగండి అని గైడ్‌లో చదివినవాడు టైమర్ కేసి చూస్తూ కూర్చుంటాడు, అంతే.

దూకేసినవాడికీ ఒక కథ ఉంది. ఒకడిని వదిలేసి వచ్చాడు. ఆ బరువు ఆట చివరిదాకా ఉంటుంది, ఉండాలి కూడా.

సిడ్ విషయం చూడండి. లోకం కూలాక ఒంటరి దీవిలో సెలెస్ అనే మన పార్టీ అమ్మాయి చేపలు పట్టి, జబ్బుపడ్డ అతనికి తినిపించాలి. గైడ్లన్నీ ఒకటే మాట, వేగంగా ఈదే చేపలే పట్టండి, బతుకుతాడు అని. సరే, బతుకుతాడు, తెప్ప చూపిస్తాడు. కానీ అతను చనిపోతే సెలెస్ కొండ కొసకు వెళ్లి దూకుతుంది, అలలు ఆమెను ఒడ్డుకు చేరుస్తాయి, పక్కనే ఒక పక్షి, దాని ఒంటికి తోటి పాత్ర లాక్ తలకు కట్టుకునే గుడ్డ. తెప్ప అప్పుడూ దొరుకుతుంది. ఈ ఆట మొత్తంలో ఇంతకన్నా బలమైన సన్నివేశం నాకు కనబడలేదు, గైడ్‌ను నమ్ముకున్నవాళ్లు సరైన పని చేశామనుకుంటూ దాన్ని చూడకుండానే దాటిపోతారు.

రాత్రి_పదకొండు:
సిడ్ గురించి ఒప్పుకుంటాను, రెండు దారులూ ఒక చోటుకే పోతాయి. షాడో అలా కాదు. అతని కలలు, రెల్మ్‌తో అతని సంబంధం, ఇవన్నీ అతను బతికితేనే పూర్తిగా తెలుస్తాయి. వదిలేసి వచ్చిన బరువు అంటున్నారు, నలభై గంటల ఆట మళ్లీ ఎప్పుడు ఆడతానో తెలియని మనిషికి అది బరువు కాదు, లోటు.

కూలిన లోకంలో మీ పద్ధతి ఇంకా కష్టం. సెలెస్, ఎడ్గర్, సెట్జర్ దొరికి ఎయిర్‌షిప్ చేతికొస్తే చాలు, మిగతావాళ్లను ఎవరినీ వెతక్కుండానే కెఫ్కా టవర్‌కు వెళ్లొచ్చు. గోగో అనే పాత్ర ఉన్నాడని ఎవరికి తెలుస్తుంది? ఒక చిన్న దీవిలో జోన్ ఈటర్ అనే జీవి పార్టీని ఒక్కొక్కరినీ మింగేస్తుంటే, అందరూ మింగబడేదాకా ఊరుకోవాలట, అప్పుడు దాని కడుపులో ఉంటాడట. పారిపోవడమో చంపడమో చేస్తాం గానీ అలా ఎవరు చేస్తారు?

ఫాల్కన్_రెక్క:
గోగో విషయంలో మీతో వాదించను. అది దాచిపెట్టిన బహుమతి, కథకు అతనితో పనిలేదు. ఎయిర్‌షిప్ చేతికొచ్చాక, ఇంకెవరైనా మిగిలారా అని ఒక్క ప్రశ్న ఎవరినైనా అడిగితే నాకు అభ్యంతరం లేదు. కానీ మిగతా అందరి జాడా ఊళ్లలో మనుషుల మాటల్లో దొరుకుతుంది. కూలిన లోకంలో ఒక ఊళ్లో దిగి, ఒక ముసలావిడ చెప్పిన మాట పట్టుకుని, ఎగిరి వెళ్లి, అక్కడ మన పాత మనిషి బతికే ఉండటం చూడాలి. ఆ రెండో సగమంతా అదే కదా. ఎవరు బతికున్నారో తెలియకుండా వెతకాల్సిన చోట లిస్టు పట్టుకుని టిక్కులు పెట్టుకుంటూ పోతే ఇంకేం మిగిలింది?

కొత్తపార్టీ:
స్పాయిలర్ల గీత దగ్గర ఆపేసి కిందికి వచ్చేశాను. అందరికీ థాంక్స్. గైడ్ తెరవను, ఎక్స్‌పీరియన్స్ మార్చను, ఆటో బాటిల్ మాత్రం ఉంచుకుంటాను. ఇరుక్కుపోతే ఇక్కడే అడుగుతాను, ఆ ఒక్క చోటుకే జవాబు చెప్పండి.

రాత్రి_పదకొండు:
చెబుతాం. ఒక్క పని మాత్రం చేయండి, ఒకే ఫైల్ మీద సేవ్ చేసుకుంటూ పోకండి. పెద్ద సంఘటన ఏదో జరగబోతోందని అనిపించిన ప్రతిసారీ కొత్త ఫైల్‌లో సేవ్ చేయండి. అది గైడ్ కిందికి రాదని ఫాల్కన్_రెక్క గారు కూడా ఒప్పుకుంటారనుకుంటా.

ఫాల్కన్_రెక్క:
రాదు, చేయండి. కానీ వెనక్కి వెళ్లి లోడ్ చేయాలనిపించినప్పుడు, ముందుకే ఓ గంట ఆడి చూసి అప్పుడు నిర్ణయించుకోండి.