ఇంగ్లిషు టీచరు ఉద్యోగానికి పాఠశాలలు ఏమి చూస్తాయి?

ప్రశ్న – అమలాపురం
నేను ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. ఇంగ్లిషు, ఆ తరువాత ఇంగ్లిషు మెథడాలజీతో బి.ఎడ్. పూర్తి చేశాను. కోనసీమలోని ప్రైవేటు పాఠశాలలు ఇంటర్వ్యూకు పిలుస్తున్నాయి గానీ డెమో క్లాసు తరువాత కబురు రావడం లేదు. యాజమాన్యాలు పట్టాలకు మించి ఏమి ఆశిస్తున్నాయో, ఇంగ్లిషు బోధనలో శిక్షణ ఇచ్చే సెల్టా (CELTA) కోర్సు చేస్తే ఉపయోగం ఉంటుందో అనుభవజ్ఞులు దయచేసి తెలుపగలరు.

జవాబు – భీమవరం, పాఠశాల నిర్వహణ
ఇంటర్వ్యూకు పిలుస్తున్నారంటే మీ చదువుకు లోటు లేదన్నమాటే. డెమోలో మేము టీచరుగారి ఇంగ్లిషు కన్నా పిల్లల ఇంగ్లిషును శ్రద్ధగా వింటాము. మా దగ్గరకు వచ్చిన ఒక అభ్యర్థి ఏడో తరగతికి ప్యాసివ్ వాయిస్ సూత్రాలన్నీ ముత్యాల్లాంటి దస్తూరీతో బోర్డు నిండా రాశారు, కానీ ఒక్క విద్యార్థి చేతనైనా ఒక్క వాక్యం పలికించలేదు. తరువాత వచ్చినావిడ, చెరువులో రొయ్యలు పట్టింది మొదలు ఐసు వేసి లారీకి ఎక్కించేదాకా జరిగే పనులను పిల్లల చేతనే ఒక్కొక్క వాక్యంగా ఇంగ్లిషులో చెప్పించారు; పని ఎవరు చేశారన్నది ముఖ్యం కానప్పుడు ఆ వాక్యరూపం ఎందుకు అవసరమో దానితో వాళ్లకే అర్థమైంది. తప్పు పలికిన పిల్లవాణ్ణి మధ్యలో ఆపకుండా, వాడు ముగించాక సరైన వాక్యాన్ని తాను పలికి, మళ్లీ వాడి చేత అనిపించారు. ఉద్యోగం ఆవిడకే ఇచ్చాము.

జవాబు – రాజోలు, ప్రభుత్వ ఉపాధ్యాయుడు
పై వారి మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అయితే ప్రైవేటు ఉద్యోగం దొరికినా టెట్‌ను, అంటే ఉపాధ్యాయ అర్హత పరీక్షను, నిర్లక్ష్యం చేయకండి. ప్రభుత్వ బడుల్లో స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లిషు పోస్టుకు టెట్ అర్హత తప్పనిసరి, పైగా ఆ పోస్టులను నింపే మన డీఎస్సీ ఎంపికలో ఆ మార్కులకు 20 శాతం వెయిటేజీ ఉంది. 2021లో చేసిన మార్పుతో టెట్ ధ్రువపత్రం జీవితకాలం చెల్లుతుంది.

సెల్టా కేంబ్రిడ్జి వారి కోర్సు. కనీసం 120 గంటల ఆ శిక్షణలో ఆరు గంటలు పరిశీలకుల ఎదుట నిజమైన విద్యార్థులకు పాఠం చెప్పాలి. విదేశాలలోనూ పెద్దలకు భాష నేర్పే సంస్థలలోనూ దానికి మంచి విలువ ఉంది గానీ, డీఎస్సీకి అది బి.ఎడ్.కు బదులు కాదు. ఖర్చూ ఎక్కువే కనుక, బడిలోనే స్థిరపడదలచుకుంటే ముందు టెట్ చూసుకోండి.

జవాబు – భీమవరం
ఒక మాట చేర్చుతున్నాను. డెమో ఏ తరగతికో, ఏ పాఠమో ముందే ఫోను చేసి అడగండి, వీలైతే ఆ తరగతి పిల్లల నోటు పుస్తకాలు రెండు చూపించమనండి. అలా అడిగే వారంటే మాకు గౌరవం.